కొల్లేరును పైనుంచి చూసే కొలువుకు ఏం చదవాలి?

శాటిలైట్ చిత్రాలతో పనిచేయాలని ఉందని పిల్లలు అనగానే చాలా ఇళ్లలో రెండు దారులే చూపిస్తున్నారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో వేసి ఇస్రో అని కలవరించడం ఒకటి. డొనేషన్ ఎంతైనా కట్టి ఏఐ పేరున్న బీటెక్ సీటు కొనడం రెండోది. సరస్సులు ఎంత కుదించుకుపోయాయో, వాటి నీళ్లు ఎంత ఉప్పుబారాయో పైనుంచి కనిపెట్టే పనికి ఈ రెండూ అక్కర్లేదు. హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఇస్రో సంస్థే. అక్కడ జియాలజీ, వ్యవసాయం, సివిల్ చదివినవాళ్లూ శాస్త్రవేత్తలుగా ఉన్నారు.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న కొల్లేరు 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ప్రభుత్వం అక్కడి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టించింది. ఆ కథంతా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాల్లో ఉంది. 1972లో మొదలైన ఆ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. సమీప పరారుణ కాంతిని నీరు దాదాపు మొత్తం పీల్చేసుకుంటుంది, ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతుంది. ఈ తేడాతో నీటిని గుర్తించే సూచీ ఎన్‌డీడబ్ల్యూఐ. దాన్ని నేర్చుకోవడానికి ఒక పూట చాలు.

కష్టమంతా ఆ తర్వాతే. సరస్సును గట్లు వేసి చేపల చెరువులుగా కోసేసినా సూచీ దాన్ని నీరనే లెక్కేస్తుంది. గుర్రపుడెక్క కమ్మిన చోట కింద నీళ్లున్నా పచ్చని చేనులా చూపిస్తుంది. కొల్లేటి లంకల్లో పడవెక్కి తిరగని కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని, కొల్లేరు తగ్గనేలేదని రిపోర్టు రాసేయగలడు.

ఉప్పు సంగతి మరీ చిక్కు. నీళ్లలో కరిగిన ఉప్పు మామూలు చిత్రంలో నేరుగా కనిపించదు. సముద్రాల లవణీయతను కొలిచే ఎస్‌మాప్ వంటి ఉపగ్రహాలున్నా, అవి ఒక్కో కొలతలో దాదాపు 40 కిలోమీటర్ల మేర కలిపి చూస్తాయి. కొల్లేరుకు అది పనికిరాదు. ఎగువ నుంచి నీళ్లు తగ్గినప్పుడు సముద్రపు నీరు, కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరు గుండా పైకి ఎగదన్నుతుంది. అది ఎంతవరకు వచ్చిందో తేల్చాలంటే ఏటి పొడవునా నమూనాలు తీయాలి, కండక్టివిటీ మీటర్‌తో కొలవాలి, అదే రోజు తీసిన చిత్రంలోని రంగులతో పోల్చి చూడాలి.

అందుకే జియాలజీ, జాగ్రఫీ, సివిల్, అగ్రికల్చరల్ ఇంజనీరింగ్ లాంటి డిగ్రీ చేసి, ఆపైన రిమోట్ సెన్సింగ్‌లో ఎంఎస్సీయో ఎంటెక్కో చేయడమే మేలైన దారి. ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ హైదరాబాద్, డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్ ఇందుకు పేరున్నవి. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ పేపర్ కూడా ఉంది.

జాగ్రత్త పడాల్సింది నూరు శాతం ప్లేస్‌మెంట్ అంటూ వేలకు వేలు గుంజే షార్ట్‌టర్మ్ జీఐఎస్ కోర్సుల దగ్గర. అక్కడ నేర్పే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్ పాఠాలూ ఉచితమే. ఆ కోర్సుల తర్వాత దొరికే కొలువు చాలాసార్లు మ్యాపుల మీద రోడ్లు, ఇళ్ల గీతలు గీసే పని. చేరేముందు ఒక్క మాట అడగాలి: ఇక్కడ చదివినవాళ్లు ఏ చెరువు దగ్గరికెళ్లి ఏం కొలిచారు? జవాబు లేకపోతే బయటికొచ్చేయడమే.

తల్లిదండ్రులకు ఇంకో సంగతి. ఈ రంగంలో మొదటి జీతం సాఫ్ట్‌వేర్ జీతానికి సాటిరాదు, ప్రాజెక్టు ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే. పొలం కుదువపెట్టి దీనికోసం అప్పు చేయొద్దు. అలాగని, నేలను ఇష్టపడే పిల్లను సీఎస్‌ఈ సీటు రాలేదని ఈఏపీసెట్ లాంగ్‌టర్మ్ హాస్టల్లో ఇంకో ఏడాది మూసిపెట్టడం అన్యాయం. ఆ ఏడాది ఆ పిల్లకు మళ్లీ రాదు.

కోచింగ్ ఫీజులో చిన్న భాగానికే చేతిలో పట్టే కండక్టివిటీ మీటర్ వస్తుంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే సొంతూరి చెరువును నెలనెలా కొలిచి, 10 మీటర్ల స్పష్టత ఉన్న సెంటినెల్-2 చిత్రాలతో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వానాకాలంలో మబ్బులు అడ్డొస్తే సెంటినెల్-1 రాడార్ చిత్రాలున్నాయి. ఏడాది తిరిగేసరికి తయారయ్యే ఆ పట్టికను ఎంటెక్ ప్రాజెక్టు గైడ్‌కు చూపించవచ్చు.