గని నీటితో యాసంగి సాగు: రామగుండం ప్రాంత రైతులకు సూచనలు

గోదావరి పక్కనే పారుతోంది. 20.175 టీఎంసీల ఎల్లంపల్లి జలాశయం అంతర్‌గాం మండలంలోనే ఉంది. అయినా కమాన్‌పూర్, రామగిరి, పాలకుర్తి మండలాల్లో ఎత్తు మీదున్న చెల్కలకు చెరువు, కుంట, బోరే ఆధారం. ఎల్లంపల్లి నీళ్లలో హైదరాబాద్ తాగునీటికీ, ఎన్టీపీసీకీ వాటా పోతుంది. 2023 అక్టోబరులో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ కుంగిన తర్వాత, అదే ప్రాజెక్టులోని సుందిళ్ల బ్యారేజీ మీద భరోసా కూడా తగ్గింది. కాబట్టి ఈ యాసంగికి దగ్గరున్న చిన్న నీటి వనరులను లెక్కపెట్టుకుని సాగుకు దిగాలి.

వాటిలో ముఖ్యమైనది సింగరేణి గనుల నుంచి తోడిపోసే ఊటనీరు. నీళ్లు తోడనిదే బొగ్గు తవ్వడం కుదరదు. గని లోతుకు పోయేకొద్దీ చుట్టుపక్కల బావుల ఊట అటే లాగుతుంది. అందుకే ఆ నీళ్లలో మొదటి వాటా బావులెండిన రైతులకే దక్కాలి. గని నీళ్లు ఒర్రెలో కలిసి వృథాగా పోతున్న చోట, వాటిని దగ్గరి చెరువుకు మళ్లించాలని గ్రామసభలో తీర్మానం చేయండి. దాన్ని నీటిపారుదల శాఖకూ, సింగరేణి ఏరియా జీఎం కార్యాలయానికీ రాతపూర్వకంగా ఇవ్వండి.

ముందు నీటి పరీక్ష

గని నీళ్లలో బొగ్గు నుసి, లవణాలు ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా పంటకు పెట్టవద్దు. శుభ్రమైన సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, లీటరు నీళ్లు పట్టి, పేరు, ఊరు, తేదీ రాసి వెంటనే అందించండి. బోరు నీళ్లయితే మోటారు పావుగంట నడిచాక పట్టాలి. ఎక్కడ ఇవ్వాలో మీ ఏఈవోను గానీ, రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ అడగండి. పీహెచ్ 6.5 నుంచి 8.4 మధ్య ఉండాలి. లవణాలను తెలిపే ఈసీ మీటరుకు 0.75 డెసీసైమన్ లోపుంటే దాదాపు అన్ని పంటలకూ పనికొస్తుంది. 2.25 దాటితే మంచి నీటితో కలిపి, నీరు నిలవని నేలల్లో, ఉప్పును తట్టుకునే పంటలకే వాడాలి.

నీటి లెక్క

200 లీటర్ల డ్రమ్ము మీ మోటారు కింద 80 సెకన్లలో నిండితే గంటకు 9 వేల లీటర్లు వస్తున్నట్లు. ఎకరానికి 5 సెంటీమీటర్ల తడి ఇవ్వాలంటే 2 లక్షల లీటర్లు కావాలి. అంటే మోటారు సుమారు 22 గంటలు నడవాలి. ఈ లెక్క చూసుకున్నాకే ఎన్ని ఎకరాలు వేయాలో నిర్ణయించండి.

ఆరుతడి పంటలే మేలు

వరికి దాదాపు 1200 మిల్లీమీటర్ల నీరు కావాలి. మక్కకు 500 నుంచి 600 చాలు. ఒక ఎకరం వరి నీళ్లతో రెండెకరాల మక్క పండుతుంది. మక్కకు పూత, గింజ పాలుపోసుకునే దశల్లో, పల్లికి ఊడలు దిగేటప్పుడు, కాయ ఊరేటప్పుడు తడి తప్పకూడదు. నీళ్లు మరీ తక్కువైతే జనవరి రెండో పక్షం నుంచి నువ్వులు వేసుకోవచ్చు.

తినేందుకు వరి తప్పదనుకుంటే తడి-పొడి పద్ధతి పాటించండి. అడుగు పొడవున్న పీవీసీ గొట్టానికి సగం వరకు రంధ్రాలు చేసి, ఆ సగాన్ని మడిలో పాతి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీళ్లు నేలమట్టం నుంచి 15 సెంటీమీటర్లు దిగాకే మళ్లీ పెట్టండి. నాటిన మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం మడి ఆరనీయవద్దు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని బంగ్లాదేశ్, ఫిలిప్పీన్స్ చిన్న రైతులు కూడా పాటిస్తున్నారు.

డ్రిప్పు వేసేవారికి

చెరువు నీళ్లయినా, గని నీళ్లయినా ముందు గుంతలో నిలిపి నుసిని అడుక్కు దిగనివ్వాలి. తర్వాత ఇసుక ఫిల్టరు, దాని వెనుక డిస్క్ ఫిల్టరు ఉండాలి. ఫిల్టరుకు ముందూ వెనుకా ఉన్న గేజీల మధ్య తేడా 0.5 కిలోలు దాటితే వెంటనే కడగండి. వారానికోసారి లేటరల్ పైపుల చివరలు విప్పి నీళ్లు వదలండి. సూక్ష్మ సేద్య పథకంలో ఎస్సీ, ఎస్టీలకు నూరు శాతం, బీసీలకూ సన్న చిన్నకారు రైతులకూ 90, ఇతరులకు 80 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. ఈ ఏడాది నిబంధనలు, నిధుల సంగతి ఉద్యాన శాఖ కార్యాలయంలో కనుక్కుని, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్‌తో దరఖాస్తు చేయండి.

చెరువు మనదే

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల్లోనూ తూములు, మత్తళ్లు ఏటా చూసుకోవాలి. కట్ట మీది చెట్లు కొట్టేసి, తూము లీకేజీని పంట వేయకముందే ఆపండి. బోరున్నవారు ఉచిత కరెంటు 24 గంటలు వస్తుందని ఆటోస్టార్టర్ పెట్టి మోటారును వదిలేయవద్దు. అలా చేస్తే ముందు ఎండేది పక్క రైతు బోరు, తర్వాత మనదే.

ఆయకట్టు రైతులంతా నాటుకు ముందే కూర్చోండి. చెరువులో ఎన్ని నీళ్లున్నాయి, ఎన్ని ఎకరాలకు సరిపోతాయి, ఎవరికి ఏ రోజు వంతు అన్నది కాగితం మీద రాసుకోండి. ఆ ఒప్పందం కుదిరాకే దుక్కి మొదలుపెట్టండి.