బొబ్బర్లు, ఛెనా: ఈజిప్టు తరహా సలాడు చేయు విధానం

ఈజిప్టులో వసంతకాలం రాగానే కూరగాయల అంగళ్ళలో పచ్చి ఫూల్ కాయలు రాశులుగా పోస్తారు. లేత గింజలను ఒలిచి, ఉప్పు పట్టిన తెల్లని చీజ్‌తోను, ఉల్లికాడలతోను, రొట్టెతోను కలిపి తినడం అక్కడి పల్లెలలోను, పట్టణాలలోను పరిపాటి. అదే గింజ ఎండిన తరువాత, రాత్రంతా సన్నని సెగపై ఉడికి, 'ఫూల్ మెదమ్మిస్' అనే ఉదయపు ఆహారమవుతుంది. ఉడికిన గింజకు టమాటా, కీరదోస, ఉల్లి, నిమ్మరసం, జీలకర్ర పొడి, చీజ్ ముక్కలు చేర్చితే సలాడు. గల్ఫ్ దేశాలలో పనిచేసి వచ్చినవారికి ఈ రుచి కొత్తది కాదు. అక్కడ తక్కువ ధరకు కడుపు నింపే ఆహారాలలో ఫూల్ ఒకటి. గుగ్గిళ్ళలో ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండుకుని తినే అలవాటున్న మనకు ఇది బొత్తిగా పరాయి వంట కూడా కాదు.

బ్రహ్మపురంలో దొరికే సరుకులతో ఈ సలాడును చేసుకొనే విధానం ఈ పాఠంలో వివరించడమైనది. అయితే పొయ్యి వెలిగించే ముందు ఒక మాటను గురించి కొంత తెలుసుకోవలసి ఉన్నది. ఆ మాట గింజ పేరు.

ఒక పేరు, రెండు మొక్కలు

ఈజిప్టువారి ఫూల్‌ను వృక్షశాస్త్రంలో 'విసియా ఫాబా' అంటారు. హిందీలో ఇది బాక్లా. ఇంగ్లీషులో ఫావా బీన్స్ అని, బ్రాడ్ బీన్స్ అని రెండు పేర్లున్నాయి. మన ఇళ్ళలో పందిరికెక్కే చిక్కుడు, ఒడియావారు శిమ్బ అని పిలిచేది, వేరొక మొక్క. దాని శాస్త్రీయ నామం 'లాబ్‌లాబ్'. చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, మన దేశపు పెద్ద దుకాణాలలోను, వంట పుస్తకాలలోను చిక్కుడుకాయను కూడా 'బ్రాడ్ బీన్స్' అనే వ్రాస్తున్నారు. అనువాదం చేసేవారికి ఇటువంటి పేర్ల కలగాపులగం నిత్యం ఎదురయ్యేదే. చాలా సందర్భాలలో దానివల్ల నష్టం ఉండదు. ఇక్కడ మాత్రం ఉంటుంది.

కొందరికి పుట్టుకతోనే ఎర్రరక్తకణాలలో 'జీ6పీడీ' అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఈ ఎంజైము రక్తకణానికి కవచం వంటిది. విసియా ఫాబా గింజలో వైసీన్, కన్వైసీన్ అనే పదార్థాలున్నాయి. ఎంజైము చాలినంత ఉన్నవారిని అవి ఏమీ చేయవు. లోపం ఉన్నవారిలో మాత్రం ఎర్రరక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోవచ్చు. తిన్న ఒకటి రెండు రోజులలో మూత్రం ముదురు టీ రంగులోకి మారుతుంది; కళ్ళు పచ్చబడతాయి; ముఖం పాలిపోతుంది; నీరసం, జ్వరం, ఆయాసం కనిపిస్తాయి. చిన్నపిల్లలలో ఇది ప్రాణాపాయానికి దారితీయవచ్చు. గింజను ఉడికించినంత మాత్రాన ప్రమాదం తొలగిపోదు. పచ్చి గింజతో మరింత ఎక్కువ.

ఈ లోపం తల్లి ద్వారా కుమారులకు సంక్రమిస్తుంది కాబట్టి మగపిల్లలలో అధికంగా కనిపిస్తుంది. మలేరియా తరతరాలుగా పీడించిన ప్రాంతాలలో ఈ లోపం ఎక్కువగా ఉండడం లోకమంతటా గమనించిన విషయం. దక్షిణ ఒడిశా కొండప్రాంతాలలో మలేరియా చరిత్ర ఎంత దీర్ఘమైనదో ఇక్కడ నివసించేవారికి వేరుగా చెప్పనక్కరలేదు. మలేరియా రోగికి ప్రైమాక్విన్ మాత్ర ఇచ్చే ముందు కొన్నిచోట్ల జీ6పీడీ పరీక్ష చేయించడానికి కారణం కూడా ఇదే: ఆ మాత్ర కూడా ఈ లోపం ఉన్నవారి రక్తకణాలను పగులగొట్టగలదు. బట్టల పెట్టెలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా అంతే. కుటుంబంలో ఎవరికైనా మందు వేసుకున్న తరువాత కామెర్లు, నల్లని మూత్రం వచ్చిన చరిత్ర ఉంటే, గల్ఫ్ నుండి తెచ్చిన ఫూల్ డబ్బాను తెరిచే ముందు వైద్యుని అడగండి. పరీక్ష మామూలు రక్తపరీక్షే. రక్తకణాలు పగులుతున్న రోజులలో చేసిన పరీక్షలో లోపం కనిపించకపోవచ్చు కాబట్టి, కోలుకున్న కొన్ని వారాలకు మరల చేయించమని వైద్యులు చెప్పవచ్చు. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే గృహవైద్యంతో కాలయాపన చేయక, 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేరవలెను. వెళ్ళేటప్పుడు ఆ డబ్బానుగాని, మిగిలిన గింజలనుగాని వెంట తీసుకువెళ్ళండి.

ఇక రెండవ వైపు. 'బ్రాడ్ బీన్స్ తినవద్దు' అని చీటీపై వ్రాసి ఇచ్చినప్పుడు, దానిని చిక్కుడుకాయగా అర్థం చేసుకుని, పిల్లవానికి ఏళ్ళ తరబడి చిక్కుడు మానిపించి, బాక్లా కలిపిన వేపుడు గింజల పొట్లాన్ని నిశ్చింతగా కొనిపెట్టే అవకాశం ఉన్నది. ఈ పొరపాటు జరగకుండా ఉండాలంటే పేరు అడిగితే చాలదు. గింజను చూపించి అడగాలి. బాక్లా గింజ బొటనవ్రేలి గోరంత వెడల్పుగా, బల్లపరుపుగా, ఎండినప్పుడు గోధుమరంగులో ఉంటుంది. ఒక అంచున నల్లని గీత కనిపిస్తుంది. చిక్కుడు గింజ అంతకన్న చిన్నది. దాని అంచున తెల్లని చార ఎత్తుగా ఉంటుంది.

మనకు తగిన గింజ

ఈ కారణాలన్నిటిచేతను ఈ పాఠంలో ఫూల్‌కు బదులుగా బొబ్బర్లు తీసుకున్నాము. కొందరు అలసందలు అంటారు, ఒడియాలో ఝుడుంగ. బడాబజార్‌లోనైనా గిరి మార్కెట్‌లోనైనా ఎండు గింజలు ఏడాది పొడుగునా దొరుకుతాయి. రుచిలో బొబ్బరి ఫూల్ కాదు. ఫూల్‌లో ఉండే కొద్దిపాటి వగరు, గట్టి గుజ్జు దీనికి లేవు. అయినా నిమ్మరసాన్ని, జీలకర్రను చక్కగా పీల్చుకుంటుంది, తొందరగా ఉడుకుతుంది, ధర తక్కువ. చలికాలంలో పచ్చి బొబ్బరికాయలు వచ్చినప్పుడు గింజ ఒలిచి వాడితే ఈజిప్టు వసంతానికి మరింత దగ్గరవుతుంది.

చిక్కుడు గింజలు వాడదలచినవారు వాటిని నానబెట్టిన నీరు పారబోసి, కొత్త నీటిలో బాగా ఉడికించి, ఆ నీటిని కూడా వంచివేయాలి. ఎండు చిక్కుడు గింజలో విషకారక పదార్థాలు కొంత ఉంటాయి, అవి ఆ నీటితోనే పోతాయి. రాజ్మా విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. సరిగా ఉడకని రాజ్మా కొద్ది గింజలతోనే వాంతులు తెప్పిస్తుంది.

ఛెనా సంగతి

ఆంధ్ర ప్రాంతం నుండి కొత్తగా వచ్చినవారు ఛెనాను జున్ను అనుకోవడం కద్దు. జున్ను ఈనిన పశువు తొలి పాలతో అయ్యేది. ఛెనా అంటే పాలవిరుగుడు: మరిగిన పాలలో పులుపు వేసి విరగగొట్టి, గుడ్డలో వడకట్టగా మిగిలేది. దానినే బరువు పెట్టి నొక్కితే పనీర్ వంటిదవుతుంది. ఒడిశాలో ఛెనా ఎక్కువగా తీపి వైపే నడిచింది. రసగోళాకు పాకంలో ఉడుకు తగులుతుంది. ఛెనాపోడ గంటల తరబడి కాలుతుంది. అంగడిలో ఛెనాకు ఏ చేయి తగిలినా, ఏ ఈగ వాలినా, తరువాతి వేడి దానిని చాలావరకు సరిదిద్దుతుంది. సలాడులో ఆ వేడి లేదు. అందుచేత విడిగా కొన్న ఛెనాను కూరకో, తీపికో ఉంచుకుని, సలాడుకు ఇంట్లో చేసిన ఛెనానే వాడడం మంచిది. గర్భిణీలకు, పసిపిల్లలకు పెట్టేటప్పుడు ఈ నియమాన్ని సడలించవద్దు.

ఈజిప్టువారి రెండు ప్రసిద్ధ చీజ్‌ల నుండి మనం ఇక్కడ కొంత నేర్చుకోవచ్చు. నైలు ముఖద్వారం వద్ద నున్న దమియెట్టా పేరు మీద వచ్చిన దొమియాతి చీజ్‌లో, పాలు పేరుకొనక ముందే ఉప్పు కలుపుతారు. వేడి దేశంలో అది నిలువ ఉండడానికి ఆ ఉప్పే ఆధారం. రెండవది జిబ్నా అరీష్. వెన్న తీసిన పాలు పులిసి గడ్డకట్టగా చాపలలో వడకట్టి చేసే పల్లెటూరి చీజ్. కొవ్వు తక్కువ, కొద్దిగా పులుపు. మన ఛెనా రుచిలో రెండవదానికి దగ్గర, ఉప్పు కలిపితే మొదటిదానికి.

ఛెనా కొనక తప్పనివారు పిండి కల్తీని ఇంట్లోనే పరీక్షించవచ్చు. చెంచాడు ఛెనాను కొద్ది నీటిలో మరిగించి, పూర్తిగా చల్లారిన తరువాత రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలిరంగు వస్తే పిండి కలిసినట్లు. పరీక్షించిన భాగాన్ని పారవేయండి.

చేసే విధానం

నలుగురికి సరిపడే కొలతలు ఇవి. ఎండు బొబ్బర్లు 150 గ్రాములు, ఆవుపాలు ఒకటిన్నర లీటరు, నిమ్మకాయలు మూడు, టమాటాలు రెండు, కీరదోస ఒకటి, చిన్న ఉల్లిపాయ ఒకటి, కొత్తిమీర, పుదీన గుప్పెడు, జీలకర్ర చెంచాడు, మిరియాల పొడి, ఉప్పు తగినంత, నూనె రెండు పెద్ద చెంచాలు. బజారులో ఒడియాలో అడగవలసి వస్తే కీరదోసను కాకుడి అని, టమాటాను బిలాతి బాయిగణ అని అడగండి. రెండవ మాటను వినగానే వంకాయ అనుకోవద్దు. 'విదేశీ వంకాయ' అనే ఆ పేరు టమాటాదే.

బొబ్బర్లను ముందురోజు రాత్రి నానబెట్టాలి. ఉదయం ఆ నీరు వంచి, కొత్త నీటిలో మెత్తబడేవరకు ఉడికించాలి. కుక్కరులో రెండు కూతలు చాలు. మూడవది వస్తే పప్పయిపోతుంది. గింజ వ్రేళ్ళ మధ్య నలగాలి, తొక్క ఊడిపోకూడదు. ఉప్పు చివర వేయండి. వార్చిన గింజ వేడిగా ఉన్నప్పుడే సగం నిమ్మరసం, జీలకర్ర పొడి కలపాలి. చల్లారిన గింజ పులుపును అంతగా పీల్చుకోదు. ఈ సలాడు చప్పగా వచ్చిందనేవారు సాధారణంగా ఇక్కడే తప్పుతారు.

పాలను పొంగు వచ్చేవరకు కాచి, దించి, రెండు నిమిషాలు ఆగి, రెండు నిమ్మకాయల రసంలో అంతే నీరు కలిపి కొంచెం కొంచెంగా పోస్తూ మెల్లగా కలపండి. ఆకుపచ్చ ఛాయగల నీరు వేరుపడగానే పోయడం ఆపివేయాలి. ఎక్కువైతే ఛెనా రబ్బరులా గట్టిపడుతుంది. మరుగునీటిలో ఉడికించి ఆరవేసిన గుడ్డలో వడకట్టి, ముప్పావు చెంచా ఉప్పు చల్లి, శుభ్రమైన గరిటెతో కలిపి, మూటకట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచండి. లీటరు ఆవుపాలకు సుమారు 150 నుండి 200 గ్రాముల ఛెనా వస్తుంది. మూటను విప్పి, ఫ్రిజ్‌లో చల్లబరచి, ముక్కలుగా కోయండి. అంచులు విరిగితే విచారించనక్కరలేదు. ఆ పొడి గింజలకు అంటుకుని రుచినిస్తుంది.

పచ్చిగా తినే కూరలను ఉప్పునీటిలో ముంచితే క్రిములు చస్తాయనే నమ్మకం విస్తారంగా ఉన్నది. అది నిజం కాదు. పారే కుళాయినీటి క్రింద చేతితో రుద్ది కడగడమే ప్రధానం. ఆ నీరు త్రాగడానికి తగినదో కాదో సందేహమైతే చివరిసారి కాచి చల్లార్చిన నీటితో కడగండి. ఆకుకూరలను విడదీసి ఒక్కొక్క కాడనూ కడగాలి. చేపలు కోసిన కత్తిపీటను, పలకను ఈ పనికి వాడవద్దు. గోపాలపూరు చేపలు వారానికి నాలుగు రోజులు ఇంటికి వచ్చే ఊరిలో ఈ మాట మరొకసారి చెప్పినా తప్పులేదు.

టమాటా, కీరా, ఉల్లి చిన్న ముక్కలుగా తరిగి, చల్లారిన బొబ్బర్లలో కలిపి, మిగిలిన నిమ్మరసం, మిరియాల పొడి, నూనె వేయండి. ఈజిప్టులో ఫూల్‌పై అవిసె నూనెనో, ఆలివ్ నూనెనో పోస్తారు. ఇక్కడివారు పచ్చి ఆవనూనెను ఇష్టపడతారు గాని, అది ఛెనా వాసనను మ్రింగివేస్తుంది, నువ్వులనూనె మేలు. ఛెనా, కొత్తిమీర, పుదీన వడ్డించే ముందే చేర్చాలి.

వేసవిలో కాలనియమం

పఖాళను, చద్దన్నాన్ని రాత్రంతా ఉంచి తినే మనకు ఈ సలాడును కూడా అలాగే ఉంచవచ్చుననే ఆలోచన రావడం సహజం. కాని పులియడం వేరు, పాడవడం వేరు. తడి, మాంసకృత్తులు సమృద్ధిగా ఉన్న ఛెనాలో, 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. మనం వేసిన ఉప్పు రుచికే. దొమియాతిని నిలిపేంత పాళ్ళలో అది లేదు. కలిపిన సలాడును రెండు గంటలలోపు తినివేయాలి. గాలి వేడిమి 32 డిగ్రీలు దాటిన రోజులలో ఒక గంట మాత్రమే. చైత్ర వైశాఖాలలో బ్రహ్మపురం పగళ్ళు చాలావరకు ఆ కోవలోనివే. పనికి వెళ్ళేవారు మధ్యాహ్నపు డబ్బాలో దీనిని తీసుకువెళ్ళదలచితే నిమ్మ, జీలకర్ర కలిపిన బొబ్బర్లను మాత్రం పెట్టుకుని, వాటిని కూడా పని స్థలంలో ఫ్రిజ్ ఉంటేనే మధ్యాహ్నం వరకు ఉంచండి. ఛెనాను ఇంటిలో రాత్రి భోజనానికి ఉంచుకోవడం ఉత్తమం. ఫ్రిజ్‌లో మూతపెట్టిన ఛెనా మరుసటి రోజు వరకు బాగుంటుంది. మూడవ రోజుకు ఉంచవద్దు. కరెంటు పోయి చాలాసేపు రాకపోతే, వాసన బాగున్నా పారవేయవలసిందే.

విరుగుడు నీళ్ళు లీటరుకు పైగానే మిగులుతాయి. వాటిని కాలువలో పోయకండి. చపాతీ పిండి కలపడానికి, పప్పులోకి, చారులోకి నీటికి బదులు వాడవచ్చు. కూరల తొక్కలు, నిమ్మచెక్కలు తడిచెత్త బుట్టలో వేయాలి. పాల ప్యాకెట్లను కడిగి ఆరబెట్టి పొడిచెత్తలో వేస్తే చెత్తబండి వచ్చేవరకు వంటిల్లు వాసన వేయదు.