ఓటు మనది, సొమ్ము ఎవరిది?



ఎన్నికలొస్తే ఊరికి జీపులొస్తాయి. మైకులు, జెండాలు వస్తాయి. పెట్రోలు ఎవరు పోశారు? పార్టీ పోసింది అంటాం. మరి పార్టీకి ఎవరిచ్చారు?

చందాలు కొంత. పెద్ద మొత్తాలు కంపెనీల నుంచి వస్తాయి.

విదేశీ కంపెనీల డబ్బు పార్టీలు తీసుకోకూడదు. 1976లోనే చట్టం వచ్చింది. ఎందుకు? అప్పిచ్చిన షావుకారికే పంట అమ్మాలి కదా! ఆ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

వేదాంత అనే కంపెనీ ఉంది. పేరు వింటే మన పురాణం అనుకుంటాం. కాని తల్లి కంపెనీ లండన్‌ది. మన దేశంలో దాని పిల్ల కంపెనీలు కాంగ్రెస్‌కీ, భారతీయ జనతా పార్టీకీ విరాళాలు ఇచ్చాయి.

2013లో ఢిల్లీ హైకోర్టులో కేసు పడింది. వేసినవారిలో ఒకరు ఇ.ఎ.ఎస్. శర్మ గారు. కేంద్రంలో కార్యదర్శిగా పనిచేసి, తర్వాత విశాఖపట్నంలో ఉంటున్నారు. పిల్ల కంపెనీలు మన దేశానివే కదా అని పార్టీలు వాదించాయి. బుగత డబ్బు కంబారి చేత పంపితే, అది కంబారి డబ్బవుతుందా?

2014 మార్చి 28న తీర్పు వచ్చింది. రెండు పార్టీలూ చట్టం తప్పాయని కోర్టు చెప్పింది. ఆరు నెలల్లో చర్య తీసుకోమంది.

చర్య లేదు. చట్టమే మారింది! 2016లో ఒకసారి మార్చారు. ఇలాంటి కంపెనీలు విదేశీవి కావన్నారు. 2010 నుంచి అమలన్నారు. కాని విరాళాలు అంతకుముందువి. అందుకని 2018లో మళ్లీ దిద్దారు. ఈసారి 1976 నుంచీ అమలు. లోక్‌సభలో గోల మధ్య, చర్చ లేకుండానే అయిపోయింది. పక్కవాడి గట్టు నరికి పట్టుబడ్డాక, నలభై ఏళ్ల నుంచీ గట్టు ఇక్కడే ఉందని కాగితం రాయించుకున్నట్టు లేదూ?

అదే 2018లో ఎన్నికల బాండ్లు వచ్చాయి. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకి తెలీదు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. తెలుసుకోవడం ఓటరు హక్కు అంది.

ఢిల్లీ గొడవ మనకెందుకు అంటారా? పార్వతీపురం దాటిన రైలు రాయగడ వెళ్తుంది. అటువైపు నియమగిరి కొండలున్నాయి. కొండలో బాక్సైట్ ఉంది. దాన్ని తవ్వి లాంజిగఢ్‌లోని వేదాంత ఫ్యాక్టరీకి ఇవ్వాలనుకున్నారు. విరాళం ఇచ్చింది కొండ కోసమేనని కోర్టు అనలేదు. నేనూ అనను. కాని కొండ ఇచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వాన్ని నడిపేది పార్టీ. పార్టీకి డబ్బు ఎవరిచ్చారో మనం అడగొద్దా?

ఆ కొండ డోంగ్రియా కోందులకు దేవుడు. 2013లో సుప్రీంకోర్టు, గ్రామసభలనే అడగండి అంది. 12 ఊళ్లలో సభలు పెట్టారు. ఆడవాళ్లూ వచ్చారు, మాట్లాడారు. పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది.