పదో స్థానంలో ఉన్న జట్టు కప్పు గెలిస్తే...



వార్షిక పరీక్షలు దగ్గరపడే కొద్దీ పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తుంది. "ఏడాదంతా బాగా చదివింది సార్, ఆ ఒక్క రోజు తడబడితే ఎలా?" దీనికి సరిగ్గా ఎదురు ప్రశ్న కూడా వస్తుంది. "ఏడాదంతా అంతంతమాత్రమే. చివర్లో మాత్రం గట్టిగా కూర్చుంది. అది లెక్కలోకి రాదా?" ఈ రెండు ప్రశ్నలకూ ఒకేసారి జవాబు వెతికిన ఏర్పాటు ఒకటి అమెరికా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్‌లో ఉంది. దాని పేరు కాన్ఫరెన్స్ టోర్నమెంట్. ఈ నెల పాఠం దాని గురించే. మీ అమ్మాయినో అబ్బాయినో పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, మధ్యలో చిన్న లెక్క కూడా ఉంది.

అమెరికాలో యూనివర్సిటీ క్రీడల్ని నడిపే ప్రధాన సంస్థ ఎన్‌సీఏఏ. దాని మొదటి శ్రేణి అయిన డివిజన్ వన్‌లో 350కి పైగా మహిళా జట్లున్నాయి. ఇన్ని జట్లు ఒకదానితో ఒకటి ఆడటం అయ్యే పని కాదు కనుక యూనివర్సిటీలు గుంపులు కట్టుకున్నాయి. ఒక్కో గుంపు ఒక కాన్ఫరెన్స్. వాటిలో పేరున్నది బిగ్ టెన్. పేరులో పది ఉంది కానీ 2024 మార్చి నాటికి అందులో 14 యూనివర్సిటీలున్నాయి, ఇప్పుడు 18. (పేరు మార్చాలని ఎవరికీ తోచినట్టు లేదు.) నవంబరులో సీజన్ మొదలవుతుంది. కొత్త సంవత్సరం వచ్చాక ఎక్కువగా కాన్ఫరెన్స్ లోపలి జట్లతోనే ఆటలు ఉంటాయి. మార్చి మొదట్లో ఆ జట్లు ఒకే ఊళ్లో చేరి నాలుగైదు రోజులు నాకౌట్ ఆడతాయి. ఓడితే ఇంటికే.

దాని తర్వాత జరిగేది 68 జట్ల జాతీయ టోర్నమెంట్. అక్కడికి వెళ్లడానికి రెండు తలుపులున్నాయి. 2024లో 32 కాన్ఫరెన్స్ చాంపియన్లు నేరుగా లోపలికి వెళ్లారు. మిగిలిన 36 జట్లను ఒక కమిటీ ఎంపిక చేసింది. ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు, ఎదుటి జట్టు ఎంత బలమైనది అని సీజన్ మొత్తాన్ని తిరగేసి చూసింది. మన భాషలో మొదటి తలుపు ఫైనల్ పరీక్ష, రెండోది ఏడాది పొడవునా వచ్చిన మార్కులు.

మొదటి తలుపు ఎవరి కోసమో చెప్పడానికి రైస్ యూనివర్సిటీ మంచి ఉదాహరణ. మన తెలుగువాళ్లు చాలామంది స్థిరపడిన హ్యూస్టన్‌లోనే ఉంది, చదువుకు పేరున్న సంస్థ. 2024లో అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కు వచ్చేనాటికి ఆ జట్టు స్థానం పదోది. కమిటీ పిలుపు వస్తుందనే ఆశకు చోటే లేదు. అలాంటి జట్టు వరసగా ఒక్కొక్కరినీ దాటుకుంటూ ఫైనల్‌కు వచ్చి, ఈస్ట్ కరోలినాను 61-41తో ఓడించి కప్పు ఎత్తింది. జాతీయ టోర్నమెంట్ తొలి ఆటలో ఎల్ఎస్‌యూ మీద పది పాయింట్ల తేడాతో ఓడిపోయింది. అయినా ఆ అమ్మాయిలు ఆ కోర్టులో నిలబడ్డారు. ఎవరి సిఫారసూ అక్కర్లేకుండా నిలబడ్డారు.

రెండో తలుపుకు ఉదాహరణ ఒహాయో స్టేట్. అదే ఏడాది బిగ్ టెన్ సీజన్‌లో మొదటి స్థానం వాళ్లదే. టోర్నమెంట్‌లో మాత్రం వాళ్ల మొదటి ఆటలోనే మేరీల్యాండ్ చేతిలో 82-61తో చిత్తయ్యారు. అక్కడితో కథ ముగియలేదు. కమిటీ వాళ్ల సీజన్ చూసి జాతీయ టోర్నమెంట్‌లో రెండో సీడ్ ఇచ్చింది. ఒక్క చెడ్డ రోజు నాలుగు నెలల కష్టాన్ని తుడిచిపెట్టలేకపోయింది.

ఇక ఫైనల్. మినియాపొలిస్‌లోని టార్గెట్ సెంటర్, మార్చి 10, అయోవాకు ఎదురుగా నెబ్రాస్కా. ఈ టోర్నమెంట్ చరిత్రలోనే మొదటిసారి టికెట్లన్నీ ముందే అమ్ముడైపోయాయి. అందుకు ముఖ్య కారణం అయోవా క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్. అంతటి ఆటగత్తె మొదటి సగంలో చేసింది నాలుగే పాయింట్లు. దూరం నుంచి వేసిన ఒక్క త్రీ పాయింటరూ పడలేదు. ఫిబ్రవరిలో ఇదే నెబ్రాస్కా అయోవాను 82-79తో ఓడించిన సంగతి అభిమానులు మర్చిపోలేదు. ఇంటర్వెల్ తర్వాత క్లార్క్ మరో 30 పాయింట్లు చేసింది. ఆట ఓవర్‌టైమ్‌కు వెళ్లింది, అయోవా 94-89తో గెలిచి వరసగా మూడో ఏడాది కప్పు పట్టుకెళ్లింది. మొదటి సగంలో అన్నీ తప్పుతున్నా ఆమె బంతి వేయడం మానలేదు. కోచ్ ఆమెను ఆడనిచ్చింది కూడా. పిల్లలకు ఈ రెండో మాట మీద ఎక్కువ ఆసక్తి ఉండదు కానీ పెద్దలకు ఉండాలి.

ఓడిన నెబ్రాస్కా సంగతీ చూడాలి, ఎందుకంటే లెక్క అక్కడే ఉంది. 14 జట్ల నాకౌట్‌లో మొత్తం ఎన్ని ఆటలు? పట్టిక గీయకుండానే చెప్పవచ్చు. ప్రతి ఆటా ఒక జట్టును ఇంటికి పంపుతుంది, చివరికి ఒక్కటే మిగలాలి. కాబట్టి 13. అయితే అందరూ ఒకే రోజు మొదలుపెట్టరు. మొదటి రోజు చివరి నాలుగు స్థానాల జట్లకే రెండు ఆటలు. రెండో రోజు 5 నుంచి 10 స్థానాల వాళ్లు వచ్చి కలుస్తారు, నాలుగు ఆటలు. మొదటి నలుగురూ మూడో రోజుకు గాని రారు, మళ్లీ నాలుగు ఆటలు. తర్వాత రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్. 2+4+4+2+1, కూడితే అదే 13. ఇలా ఆడకుండానే ముందు రౌండు దాటడాన్ని బై అంటారు. ఐదో సీడ్ నెబ్రాస్కా ఫైనల్‌కు వచ్చేసరికి నాలుగు రోజుల్లో అది నాలుగో ఆట. రెండో సీడ్ అయోవాకు మూడోది. ఓవర్‌టైమ్‌లో ఆ ఒక్క రోజు విశ్రాంతి విలువ ఎంతో ఊహించుకోవచ్చు. సీజన్‌లో ఒక్కో మెట్టు ఎక్కడం దేనికో పిల్లలకు వివరించాలంటే దీనికి మించిన ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ జనం, ఈ టికెట్లు ఊరికే రాలేదు. 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ తేడా చూపకూడదని దాని సారాంశం. అమ్మాయిలకు కోర్టులూ కోచ్‌లూ స్కాలర్‌షిప్‌లూ వచ్చింది దాని తర్వాతే. ఎన్‌సీఏఏ మహిళల జాతీయ టోర్నమెంట్ 1982లో గానీ మొదలు కాలేదు. 2021లో కూడా పురుషులకు పెద్ద జిమ్, మహిళలకు కొన్ని డంబెల్స్ పెట్టిన సంగతి ఒక క్రీడాకారిణి తీసిన వీడియోతో బయటపడి నిర్వాహకులు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 2024 ఏప్రిల్‌లో, మహిళల జాతీయ ఫైనల్‌ను పురుషుల ఫైనల్ కంటే ఎక్కువమంది టీవీలో చూశారు. అలా జరగడం అదే మొదటిసారి.

చదువు మాటేమిటని మీరు అడుగుతారు, అడగాలి కూడా. డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ముఖ్యమైన సబ్జెక్టు కోర్సులు పూర్తిచేసి, వాటిలో కనీసం 2.3 గ్రేడ్ సగటు తెచ్చుకోవాలి. కాలేజీలో చేరాక మార్కులు పడిపోతే జట్టులో చోటు ఉండదు.

మన దగ్గరా దారి లేకపోలేదు. యూనివర్సిటీ జట్లు ముందు సౌత్ జోన్ పోటీల్లో ఆడి, అక్కడ పైన నిలిస్తే ఆలిండియా ఇంటర్ యూనివర్సిటీ టోర్నమెంట్‌కు వెళ్తాయి. స్కూలు స్థాయిలో అండర్-14, 17, 19 విభాగాలకు జిల్లా, రాష్ట్ర, జాతీయ పోటీలున్నాయి. అండర్-14లో ఉత్సాహంగా కనిపించే అమ్మాయిలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్‌లో కనిపించడం లేదన్నదే మా బాధ. ఫౌండేషన్ కోర్సు, వీకెండ్ టెస్టు, ట్యూషన్, వీటన్నిటి మధ్య ముందుగా కొట్టివేసేది గేమ్స్ పీరియడ్‌నే. ఆ నిర్ణయం తీసుకునే ముందు అమ్మాయిని ఒక్కసారి అడగండి. వారానికి మూడు సాయంత్రాలు, గంట చొప్పున మిగల్చగలిగితే చాలు, మిగతాది మా పీఈటీలు చూసుకుంటారు.

ఇక ఇంటి పని. మీ కాలనీలో 11 జట్లతో నాకౌట్ పెట్టారనుకోండి. ఎన్ని ఆటలు, ఎన్ని బైలు? ఆటలు 10. రౌండ్లు సరిగ్గా సగమవుతూ రావాలంటే 16 చోట్లు కావాలి కాబట్టి బైలు 5. ఆ ఐదు బైలు ఎవరికివ్వాలి? చీటీలు తీయాలా, పోయిన ఏడాది ఫలితాలు చూడాలా, ముందు నాలుగు లీగ్ ఆటలు పెట్టి తేల్చాలా? ఈ భాగానికి జవాబు మేం ఇవ్వడం లేదు. మీ ఇంట్లో తేలినది డైరీలో రాసి పంపండి.