సూర్యశక్తి – నిత్యజీవితము

సూర్యశక్తి వినియోగము ఈనాటి శాస్త్రజ్ఞానము ప్రసాదించిన క్రొత్త వరమని విద్యార్థులలో పలువురు తలంచుచున్నారు. మిద్దెలపై ఎండు వడియములను, మామిడి ఒరుగులను, గుంటూరు రైతు కల్లములో ఆరబోయు మిరపకాయలను గమనించినచో, మన పెద్దలు తరతరములుగా ఈ శక్తిని వాడుకొనుచునే యున్నారని తెలియును. చినగంజాము, నౌపడా ఉప్పుమడులలో సముద్రపు నీటిని ఆవిరి చేసి ఉప్పును మిగుల్చునదియు ఎండయే.

అయితే ఎండ మన అదుపులోనిది కాదు. సాయంకాలమునకు అది తరలిపోవును. మబ్బు పట్టినచో మొగము చాటు చేయును. కల్లములోని మిరపపై ఒక్క అకాలవర్షము కురిసినచో కాయ బూజుపట్టును, రంగు మారును, రైతు ఏడాది శ్రమకు ధర పడిపోవును. కావున ఎండను పట్టి నిలుపుకొనుటయే ఇందలి కీలకము. దీనికి ముఖ్యముగా మూడు మార్గములు గలవు.

మొదటిది సోలార్ డ్రయ్యరు. గాజు లేక ప్లాస్టిక్ కప్పు క్రింద గాలి వేడెక్కి, పంటలోని తేమను తీసికొని పైరంధ్రముల గుండా వెడలిపోవును. వాన, దుమ్ము లోనికి చేరవు.

రెండవది నీళ్ళు కాచు సోలార్ హీటరు. ఇందు నల్లని రేకు ఎండను పీల్చును. పైనున్న గాజుపలక ఆ వేడిని త్వరగా పోనీయదు. స్విస్ శాస్త్రజ్ఞుడు సొస్సూర్ 1767లో గాజుపెట్టెతో పరీక్షించిన సూత్రమిదియే. వేడెక్కిన నీరు తేలికయై పైతొట్టిలోనికి ఎక్కును, చల్లని నీరు క్రిందికి దిగును, మోటారుతో పనిలేదు. తొట్టికి వేడిని పోనీయని తొడుగు ఉండుటచే మరునాటి ఉదయమునకును నీరు వెచ్చగా నుండును. దినమునకు 100 లీటర్లు కాచుటకు సుమారు 2 చదరపు మీటర్ల పలక చాలును.

మూడవది సౌరఘటము. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల సిలికాన్ ఘటముతో వెలుగును నేరుగా విద్యుత్తుగా మార్చి చూపెను. నేడు కర్నూలు సీమలో 1000 మెగావాట్ల సౌరపార్కు వెలసినది. ఇంటి కప్పుపై 1 కిలోవాటు పలకలకు సుమారు 10 చదరపు మీటర్ల చోటు కావలెను. మంచి ఎండలో దినమునకు సుమారు 4 యూనిట్లు లభించును. రాత్రి కొరకు దానిని బ్యాటరీలో నిలువ చేసికొనవచ్చును.

మన కళాశాల మిద్దె పగలంతయు ఎండలో కాగుచున్నది. రాత్రి కరెంటు పోయినచో పరీక్షకు చదువుకొను విద్యార్థి పుస్తకము మూయుచున్నాడు. ఈ రెంటిని కలుపు ఉపాయమును పాలకవర్గము ఆలోచింపవలెనని మేము మనవి చేయుచున్నాము. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని పెద్దలందురు. ఎండ యుండగానే దీపమును సిద్ధపరచుకొనుట నేటి మన కర్తవ్యము.