వృద్ధుల అధ్యయనంలో కొలెస్ట్రాల్ పరీక్ష: రక్తం ఇచ్చేవారి హక్కులు

సర్వే అని ఇంటికొచ్చి రక్తం అడుగుతున్నారు. ఎవరు వీళ్లు?

ముందు గుర్తింపు కార్డు చూపించమనండి. మన దేశంలో వయసు మళ్లడం మీద జరుగుతున్న పెద్ద అధ్యయనం పేరు 'లాసీ'. కేంద్ర ఆరోగ్యశాఖ తరఫున ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ దీన్ని నడుపుతోంది. 2017-18లో జరిగిన తొలి విడతలో 45 ఏళ్లు నిండినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా పలకరించారు. ఏళ్ల తర్వాత మళ్లీ అదే మనిషి దగ్గరికి రావడం దీని పద్ధతి.

ఎంత రక్తం తీస్తారు?

లాసీలో కొన్ని చుక్కలే. వేలికొస తుడిచి, సన్నటి సూదితో గుచ్చి, మొదటి చుక్కను దూదితో అద్దేస్తారు. ఆ తర్వాతి చుక్కలను దళసరి కాగితం మీద అచ్చువేసిన గుండ్రాల్లో పడనిచ్చి ఆరబెడతారు. దీని అనుబంధ అధ్యయనం 'లాసీ-డాడ్' 60 ఏళ్లు నిండినవారి జ్ఞాపకశక్తిని పరిశీలిస్తుంది. అందులో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. దానికి చేతి నరం నుంచి రక్తం తీస్తారు. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ల పరీక్ష ఆ రక్తంతోనే. అమెరికాలోని ఇలాంటి అధ్యయనం 2006లో ఆరిన చుక్కల్లోనే కొలెస్ట్రాల్ కొలవడం మొదలుపెట్టింది. అయితే ఆ అంకెను మామూలు ల్యాబ్ రిపోర్టు పక్కన పెట్టి నేరుగా పోల్చకూడదు.

పరగడుపున ఉండాలా?

ట్రైగ్లిజరైడ్లకే ఆ పట్టింపు ఎక్కువ. మొత్తం కొలెస్ట్రాల్ భోంచేసినా పెద్దగా మారదు. షుగర్ మందు వాడేవారు ఉపవాసం గురించి డాక్టర్ని అడగాలి. కొలెస్ట్రాల్ మాత్ర మానకండి, వేసుకుంటున్నానని చెప్పండి.

వద్దంటే పింఛను, రేషను ఆగిపోతాయా?

ఆగవు. ఎవరైనా అలా బెదిరిస్తే అదే నియమ ఉల్లంఘన. ప్రశ్నలకు జవాబు చెప్పి రక్తం మాత్రం ఇవ్వననవచ్చు. లాసీలో రక్తానికి విడిగా సమ్మతి పత్రం ఉంది.

మా అబ్బాయి సరేనన్నాడు. నన్నూ అడగాలా?

తప్పకుండా అడగాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. మన ఇళ్లలో పెద్దవాళ్ల తరఫున కొడుకో కోడలో మాట్లాడేయడం మామూలైపోయింది. "అమ్మకేం తెలుసు, మీరు తీసుకోండి" అంటారు, ఆమె అక్కడే మంచం మీద కూర్చుని వింటూ ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఇంటిపెద్ద అనుమతి ఆమె అనుమతికి బదులు కాదు. ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలి. చదువు రాకపోతే, ఆ పరిశోధనతో సంబంధం లేని చదువుకున్న సాక్షి ఎదుట పత్రమంతా చదివి వినిపించాకే వేలిముద్ర. మతిమరుపు ముదిరి నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటేనే చట్టబద్ధ ప్రతినిధి సంతకం చెల్లుతుంది. అప్పుడు కూడా ఆమె చెయ్యి వెనక్కి లాక్కుంటే బలవంతం చేయకూడదు.

నా కొలెస్ట్రాల్ ఎంతో చెబుతారా?

అన్ని అధ్యయనాలూ చెప్పవు. సంతకానికి ముందే అడగండి: ఫలితం ఇస్తారా, ఎప్పుడు, ప్రమాదకరమైన అంకె కనిపిస్తే ఏం చేస్తారు? ఇంగ్లండ్‌లో 2002లో మొదలైన 'ఎల్సా' అధ్యయనంలో రక్తం తీయడానికి, ఫలితాన్ని డాక్టరుకు పంపడానికి, మిగిలింది దాచడానికి వేర్వేరు సమ్మతులు తీసుకుంటారు. ఇక్కడా అంత విడమరిచి అడగాలని నా గట్టి కోరిక. ఫలితం వచ్చినా అది చికిత్స కాదు. ఎక్కువగా ఉందంటే డాక్టర్ దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ఇచ్చాక మనసు మారితే?

ఎప్పుడైనా తప్పుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. లాసీ చుక్కల కాగితాలను పుణెలోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో భద్రపరిచారు. అదే 2017 మార్గదర్శకాల్లో నమూనాకు యజమాని దాన్ని ఇచ్చిన వ్యక్తేననీ, సంస్థ కాపలాదారు మాత్రమేననీ ఉంది. అయితే ఎవరిదో పోల్చుకునే గుర్తులన్నీ పూర్తిగా తీసేశాక వెతికి వెనక్కి ఇవ్వడం కుదరదు. అందుకే అడగాలనుకుంటే ఆలస్యం చేయకండి.

ఫిర్యాదు ఎవరికి?

పరిశోధకుడి నంబరు, నైతిక కమిటీ నంబరు సమ్మతి పత్రంలోనే ఉండాలి. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి మీకు ఇచ్చి తీరాలి. అది అడిగి తీసుకున్నాకే వాళ్లను పంపించండి.