కొనాల్సింది కొంత, అడగాల్సింది కొంత

తుపాను హెచ్చరిక వెలువడిన రోజు చీకటిపడే లోపు కిరాణా కొట్లలో కొవ్వొత్తులు, పాలపొడి, బ్రెడ్డు అయిపోతాయి. కాస్త చేతిలో డబ్బున్నవాళ్ళు ఇన్వర్టరు ధర వాకబు చేస్తారు, లేనివాళ్ళు దేవుడి మీద భారం వేస్తారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకినప్పుడు అంత పెద్ద నగరమే రోజుల తరబడి చీకట్లో ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెలూ రోజులకు రోజులు కరెంటు కోసం ఎదురుచూశాయి. ఆ అనుభవాల నుంచి తీరప్రాంతం నేర్చుకున్నది ఒక్కటే: ఎవరి జాగ్రత్త వాళ్ళదే. ఇందులో సగమే నిజం. తుపానుకు తక్కువ ఖర్చుతో సిద్ధపడాలంటే చౌక సరుకులు వెతకడం కంటే ముందు ఒక గీత గీసుకోవాలి. గీతకు ఇవతల మన జేబులోంచి పెట్టాల్సిన ఖర్చు, అవతల ప్రభుత్వమో విద్యుత్ పంపిణీ సంస్థో భరించాల్సిన ఖర్చు. ఆ గీత ఎక్కడుందో తెలియకే పేదవాడు అనవసరమైనది కొంటున్నాడు, హక్కుగా రావలసినది వదులుకుంటున్నాడు.

మన వైపు ఖర్చు చిన్నదే. కరెంటు పోయినప్పుడు ఇంటిని ముందుగా దెబ్బతీసేది ఫ్యాను ఆగడం కాదు, నీటి మోటారు ఆగడం. హెచ్చరిక రాగానే ట్యాంకు, డ్రమ్ములు, బిందెలు నింపుకోవడానికి పైసా ఖర్చు లేదు. తాగునీళ్ళు మాత్రం మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మూడు రోజులకు వేరుగా మూతపెట్టి ఉంచుకోవాలి. అటుకులు, మరమరాలు, వేరుశనగలు, బెల్లం ఉంటే పొయ్యి వెలగకపోయినా కడుపు నిండుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్ళల కోసం ఆశా కార్యకర్తను అడగండి. ఒక టార్చి, రెండు జతల బ్యాటరీలు, ఫోను కోసం పవర్ బ్యాంకు ఉంటే చాలు. తలుపులు బిగించిన గదిలో గ్యాస్ సిలిండరు పక్కన కొవ్వొత్తి వెలిగించడం కన్నా టార్చి వెయ్యి రెట్లు మేలు. ఇన్వర్టరు తప్పని కాదు గానీ, నాలుగు రోజులు కరెంటు రాకపోతే అదీ మొదటి రోజే చేతులెత్తేస్తుంది. కొన్ని గంటల సుఖానికి వేలు పోసేముందు ఆ డబ్బుతో ఇంటికప్పు రేకులకు కొత్త బోల్టులు బిగించుకోవచ్చేమో ఆలోచించాలి. సరుకు కొనేటప్పుడు ప్యాకెట్ మీది ఎమ్మార్పీ కన్నా ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా అది నేరం. తుపాను రోజని చట్టం దుకాణదారుకు మినహాయింపు ఇవ్వలేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

ఇక గీతకు అవతలి వైపు. 2005లో విపత్తు నిర్వహణ చట్టం చేసినప్పుడు పార్లమెంటు ఆశ్రయం, ఆహారం, తాగునీరు, వైద్యం, పారిశుధ్యం అనే అయిదింటినీ సహాయానికి కనీస ప్రమాణాలుగా రాసింది. ప్రాణనష్టానికి, ఇళ్ళ నష్టానికి, జీవనోపాధి పునరుద్ధరణకు ఎక్స్‌గ్రేషియా మాటా అందులోనే చేర్చింది. ఇది ప్రభుత్వం దయతలిస్తే ఇచ్చేదా, ఇవ్వక తప్పనిదా అన్న ప్రశ్న కోవిడ్ మరణాల సందర్భంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మార్గదర్శకాలు రూపొందించడం విధిగా చేయాల్సిన పనేనని, ఐచ్ఛికం కాదని 2021 జూన్ 30న కోర్టు తేల్చింది. మొత్తం ఎంతన్నది మాత్రం తాను చెప్పకుండా ప్రభుత్వానికే వదిలింది. ఈ చట్టానికి 2025లో సవరణలు జరిగాయి గనుక అర్జీలో సెక్షన్ నంబరు రాసేముందు తాజా పాఠం చూసుకోవాలి. సామాన్యుడి అర్జీకి నిజానికి సెక్షన్ల కన్నా రాష్ట్ర ప్రభుత్వం తుపాను తర్వాత ఇచ్చే జీవో ఎక్కువ ఉపయోగం. దివ్యాంగులకైతే మరో రక్షణ ఉంది: 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లాలోని దివ్యాంగుల వివరాలు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ దగ్గర నమోదై ఉండాలి, ప్రమాదం రానున్నప్పుడు వారికి తెలియజేసే ఏర్పాటూ ఉండాలి. మంచం దిగలేని మనిషి ఉన్న ఇల్లు అక్టోబరుకు ముందే గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఆ పేరు రాయించుకుంటే, షెల్టర్‌కు తీసుకెళ్ళే బండిని తుపాను రాత్రి వెతుక్కునే పని తప్పుతుంది.

అందే డబ్బు ఎంత? రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఖర్చు పెట్టడానికి 2022-26 కాలానికి కేంద్రం నిర్ణయించిన ప్రమాణాల ప్రకారం మరణానికి 4 లక్షల రూపాయలు. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000, పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 6,500, కచ్చా ఇంటికైతే 4,000, గుడిసెకు 8,000. పాలిచ్చే గేదె లేదా ఆవు చనిపోతే 37,500. రాష్ట్రం తన ఖజానా నుంచి ఇంకా కలపవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు నీరు చేరిన ఇళ్ళకు కింది అంతస్తుకు 25,000, ఆపై అంతస్తులకు 10,000 ప్రకటించింది. 2025 అక్టోబరులో మొంథా తుపానప్పుడు పునరావాస కేంద్రాలకు వెళ్ళినవారికి మనిషికి వెయ్యి చొప్పున, కుటుంబానికి మూడు వేలు మించకుండా ఇచ్చింది. ఈ అంకెలు చూసి పెదవి విరిచేవాళ్ళున్నారు. ఆరువేల అయిదు వందలతో రేకులైనా వస్తాయా అని అడిగితే రావనే చెప్పాలి. కానీ ఆ మాట నిజమైతే అది మొత్తం పెంచమని అడగడానికి కారణమవుతుంది, వచ్చేదాన్ని వదులుకోవడానికి కాదు. పైగా జాబితాలో ఒకసారి పేరెక్కిందంటే ఆ తర్వాత వచ్చే బియ్యానికి, పక్కా ఇంటి పథకానికి, రుణం వాయిదాకు అదే సాక్ష్యం.

తుపాను వెళ్ళాక హక్కు నిలిచేది, పోయేది ఈ జాబితా దగ్గరే. నష్టాన్ని లెక్కగట్టే బృందం వచ్చేసరికి నీళ్ళు తీసేసి, బురద కడిగేసి, పగిలిన పెంకులు ఊడ్చేసి ఉంటాం. శుభ్రంగా ఉన్న ఇల్లు నష్టం జరగని ఇల్లులా కనిపిస్తుంది. అందుకే ఏ ఖర్చూ లేని ముఖ్యమైన సన్నాహం తుపానుకు ముందు ఇంటిని లోపలా బయటా ఫోనుతో ఫొటోలు తీసి ఉంచుకోవడం, తర్వాత చీపురు పట్టేముందు మళ్ళీ తీయడం. గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుకొచ్చిందో తెలిసేలా పక్కన ఒక మనిషిని నిలబెట్టి తీస్తే వాదనే ఉండదు. ఇక కాగితాలు: ఆధార్, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, పట్టా, కరెంటు బిల్లు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పశువు చెవి ట్యాగు నంబరు, పడవ రిజిస్ట్రేషన్. వీటిలో కరెంటు బిల్లును తేలిగ్గా తీసుకోకూడదు. పట్టా లేని ఇంట్లో ఫలానా కుటుంబం ఫలానా నెలలో నివసించిందని చూపే చౌకైన రుజువు అది. కేంద్ర ప్రమాణాల్లో ఒక కఠినమైన షరతు ఉంది: పరిహారం కోరే ఇల్లు అధికారులు ధ్రువీకరించిన అనుమతి గల నిర్మాణమై ఉండాలి. కాల్వగట్టు మీద, పోరంబోకు స్థలంలో బతికేవాళ్ళను ఈ వాక్యమే బయటికి నెడుతుంది. గాలి పట్టా చూసి వీయదు, కాబట్టి ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయితే అదే ప్రమాణాల్లో గుడిసెకు వేరే వరుస ఉంది. ఆకులు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలతో కట్టిన నివాసాన్ని జిల్లా అధికారులు గుడిసెగా గుర్తిస్తే సాయం ఇవ్వవచ్చు. ఇంటి పన్ను కట్టిన రసీదో, మీటరు బిల్లో చేతిలో ఉన్నవాడికి ఆ గుర్తింపు అడగడానికి నోరు లేస్తుంది. ఈ కాగితాలు జారీచేసిన సంస్థ నుంచే డిజిలాకర్‌లోకి వచ్చి ఉంటే 2016 నియమాల ప్రకారం అవి అసలుతో సమానం. కానీ ఫోనులో చార్జింగ్ లేనప్పుడు డిజిలాకర్ కూడా చీకటిదే, కనుక ఒక జత జెరాక్సులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి తీసుకెళ్ళే సంచిలో పడేయాలి.

కౌలు రైతుకు కాగితం మరీ ముఖ్యం. పంట ఎవరు వేశారో తేలకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ భూమి యజమాని ఖాతాకు పోయే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు పదకొండు నెలలు చెల్లుతుంది. దానితో ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో పేరెక్కిందో లేదో నాట్లప్పుడే చూసుకోవాలి, పనలు నీళ్ళలో తేలాక కాదు. పంటల బీమా ఉన్న రైతు కోసి ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి (నంబరు 14447). ఇంట్లో అద్దెకుండేవాళ్ళకూ ఒక పాత రక్షణ ఉంది. 1882 ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్ ప్రకారం పెనుగాలికో వరదకో ఇల్లు నివాసానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే అద్దెదారు తన ఇష్టం మేరకు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కూలిన ఇంటికి అద్దె కట్టమని అడిగే యజమానికి ఈ మాట చాలు.

కరెంటు విషయంలో వాదన కాస్త చిక్కు. 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం పంపిణీ సంస్థ నియంత్రణ మండలి విధించిన సేవా ప్రమాణాలు పాటించాలి, పాటించకపోతే వినియోగదారుకు పరిహారం చెల్లించాలి. ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే నగరాలు, పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో సరిచేయాలన్నది ఆంధ్రప్రదేశ్ మండలి 2004లో పెట్టిన గడువు. కానీ అదే నిబంధనలు తుపాను, వరద, పిడుగు వంటివి వచ్చినప్పుడు ఈ గడువులు వర్తించవని కూడా అంటాయి. మరి కావలసినప్పుడే లేని హక్కు ఎందుకు అనిపిస్తుంది. మినహాయింపు తుపాను వల్ల పని చేయలేని కాలానికే, తుపాను పేరు చెప్పి ఎంతకాలమైనా సాగదీయడానికి కాదు. పక్క వీధికి కరెంటు వచ్చి వారమైనా మన వీధికి రాకపోతే, ఆ ఆలస్యానికి తుపానే కారణమని సంస్థ చూపించాలి. అలా అడగాలంటే 1912కు చేసిన ఫిర్యాదు నంబరు, తేదీ, సమయం రాసి పెట్టుకోవాలి. దానితో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు, వకీలు అక్కర్లేదు. రాత్రింబవళ్ళు స్తంభాలెక్కే లైన్‌మన్ మీద ఫిర్యాదు చేయడం పాపం కదా అని చాలామంది వెనకాడతారు. ఫిర్యాదు అతని మీద కాదు, అతనికి సరిపడా మనుషుల్నీ సామాన్లనీ ఇవ్వని సంస్థ మీద. చాలా ఊళ్ళలో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రిపేరు కేంద్రానికి మోయించడానికి ఇంటింటికీ చందా ఎత్తుతారు. ఇది గీతకు అవతలి ఖర్చు. కరెంటు తొందరగా రావాలని ఇచ్చినా ఎవరెంత ఇచ్చారో రాసుకొని, ఫిర్యాదులో ఆ మొత్తం తిరిగి అడగాలి.

తెగిన తీగ మాత్రం ప్రాణాల సంగతి. గాలి తగ్గాక రోడ్డు మీద పడిన ఏ తీగనైనా కరెంటున్న తీగగానే చూడాలి. వాన నీళ్ళలో పడి ఉన్న తీగ తగిలి ఒక కార్మికుడు చనిపోయిన కేసులో, ఎవరో దొంగ కరెంటు కోసం లాగిన తీగ అది, మా తప్పు లేదు అని మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ప్రమాదకరమైన సరుకు నడిపే సంస్థ తన నిర్లక్ష్యం రుజువైనా కాకపోయినా బాధ్యత వహించాలంది. కాబట్టి అలాంటి మరణం జరిగితే పోలీసు ఫిర్యాదు, పోస్ట్‌మార్టం తప్పనిసరి, తొందరపడి దహనం చేసేస్తే కేసు కూడా అక్కడితో బూడిదే. ఇదే న్యాయం మనకూ తిరిగి తగులుతుంది. ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరును ఇంటి వైరింగుకు కలిపితే ఆ కరెంటు మీటరు దాటి లైనులోకి ఎదురు ప్రవహిస్తుంది, లైను చచ్చిందనుకొని స్తంభం ఎక్కినవాడు బలవుతాడు.

ప్రభుత్వ సాయం మీద నమ్మకం చాలనివారికి బీమా ఉంది. ఏటా 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది, ప్రకృతి వైపరీత్యపు మరణం కూడా అందులోకే వస్తుంది. ఇంటికి 2021 నుంచి అన్ని సాధారణ బీమా సంస్థలూ అమ్మే ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తుపానుకూ వరదకూ వర్తిస్తుంది. దీన్ని వాయుగుండం పడ్డాక కాదు, ఎండాకాలంలో కొనాలి.

ఇన్ని చేసినా జాబితాలో పేరు రాకపోవచ్చు. సచివాలయం గోడ మీద జాబితా అంటించిన రోజే చూసుకొని, లేకపోతే తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసి, ఫొటోలు జతచేసి, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రెండో ప్రతి మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. సమాధానం రాకపోతే సమాచార హక్కు కింద నష్టం లెక్కల పత్రం నకలు అడగవచ్చు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. అక్కడా ఆగిపోతే 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చూడండి. పెను విపత్తు, వరద బాధితులకు ఉచితంగా వకీలును పెట్టిస్తుంది. విద్యుత్, బీమా తగవులను రుసుము లేకుండా శాశ్వత లోక్ అదాలత్ ముందు పెట్టే దారీ ఆ చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు నేరుగా వెళ్ళవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. ఆ నంబరును కూడా ఇప్పుడే ఒక చీటీ మీద రాసి జెరాక్సుల సంచిలో పెట్టుకోండి.